శివరాత్రికీ ఉగాదికీ మధ్య ఆటపాకలో పక్షులు చూడాలంటే

కొల్లేరు ఒడ్డున ఉన్న ఆటపాక పక్షుల కేంద్రానికి జనం ఎక్కువగా వచ్చేది క్రిస్మస్ సెలవుల్లో, సంక్రాంతి పండక్కి. అప్పుడూ పక్షులు ఉంటాయి, కాదనను. కానీ నన్ను అడిగినవాళ్లకి మహాశివరాత్రి అయ్యాక, ఉగాది రాకముందు రమ్మని చెబుతాను. ఫాల్గుణం నెల రోజులూ మా కొల్లేరు దగ్గర చాలా పనులు ఒకేసారి జరుగుతుంటాయి. గూళ్లలో పిల్లలు పెరుగుతుంటాయి. చలికాలానికి వచ్చిన బాతులు, ఉల్లంకులు తిరుగు ప్రయాణానికి కడుపు నిండా మేస్తుంటాయి. ఇక్కడే ఉండే కొంగలకు కొత్త రంగులు వస్తాయి. నీళ్లు తీసి బురద బయటపడుతుంది, ఆ బురదలో పురుగూ పుట్రా ఏరుకోవడానికి ఎక్కడెక్కడి పక్షులూ చేరతాయి.

మాది కైకలూరు. బడిలో సైన్సు చెబుతాను. నాన్నగారికి చేపల చెరువు ఉంది. చేపలు తినడానికి వచ్చే గూడబాతుల్ని, అంటే పెలికాన్లని, తరమడానికి "గూడబాతులు దిగాయి, టపాకాయలు తీసుకురండి" అన్న కేక వింటూ పెరిగాను. అదే పక్షి మా ఊరి పక్కన గూట్లో మధ్యాహ్నమంతా కూర్చుని పిల్లలకు ఎండ తగలకుండా కాస్తుందని ఆటపాక గట్టు మీద నిలబడి చూడటం మొదలుపెట్టాకే తెలిసింది. అందుకే మా పిల్లలకైనా, ఊరి నుంచి వచ్చే చుట్టాలకైనా ఒక మాట ముందే చెప్పి తీసుకెళ్తాను. ఎన్ని రకాలు చూశామన్న లెక్క ఇంటికెళ్లాక వేసుకుందాం, ముందు ఒక గూడు ఎంచుకుని గంటసేపు దాన్నే చూద్దాం అని.

రావడం సులువే. విజయవాడ నుంచి గుడివాడ మీదుగా భీమవరం వెళ్లే లైన్లో కైకలూరు స్టేషన్ ఉంది. దిగి ఆటో మాట్లాడుకుంటే ఆటపాక పక్కనే. ఏలూరు వైపు నుంచి వచ్చేవాళ్లకు కొల్లేరు మధ్యలోంచే రోడ్డు. ఆ రోడ్డు గురించి తర్వాత చెబుతాను, అది కూడా చూడాల్సిందే. ఫాల్గుణంలోనే కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర జరుగుతుంది. జాతర రోజుల్లో బస్సులు, ఆటోలు కిటకిటలాడతాయి కాబట్టి అమ్మవారి దర్శనం కూడా చేసుకోవాలనుకుంటే సరే, పక్షుల కోసమే అయితే ఆ రద్దీ రోజులు తప్పించి మామూలు వారం మధ్యలో రండి.

తెల్లారేసరికి అక్కడ ఉండాలి. ఇది మాత్రం ఎవరికీ సడలించను. ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా చూసినవాళ్లు చూసినట్టు, పదింటికి టిఫిను చేసి తీరిగ్గా వచ్చినవాళ్లు సగమే చూసినట్టు. మార్చిలో మా దగ్గర పది దాటాక ఎండ మాడుస్తుంది, నీళ్ల మీద మిరుమిట్లు మొదలై పక్షి రంగే తెలియదు. పడవ షికారుకు అటవీశాఖ వాళ్ల వేళలు ఉంటాయి, అది ఆలస్యమైనా గట్టు మీద నడవడం మొదలుపెట్టండి. సూర్యుడు మీ వీపు వైపు ఉండేలా నిలబడండి. ఎదురెండలో చూస్తే ప్రతి పక్షీ నల్లగానే కనిపిస్తుంది. చాలామంది "అన్నీ నీటికాకులే" అనుకునేది ఇందుకే.

తెల్లచొక్కాలు, ఎర్రచీరలు ఆ ఒక్కపూటకి వద్దు. ఆకుపచ్చ, బూడిద, మట్టిరంగు బట్టలు మంచివి. టోపీ, నీళ్ల సీసా, దోమల క్రీము. బైనాక్యులర్స్ కొనేవాళ్లు డబ్బా మీద 8x42 అని ఉన్నవి చూసుకోండి. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో చెబుతుంది, రెండోది ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. పది రెట్లు, ఇరవై రెట్లు అని ఆశపడితే చేతి వణుకు కూడా అన్ని రెట్లు కనిపిస్తుంది, కొత్తవాళ్లకు తలనొప్పి తప్ప ఏమీ రాదు. బైనాక్యులర్స్ లేకపోయినా వెనక్కి తగ్గక్కర్లేదు. ఆటపాకలో గూళ్లు ఎంత దగ్గరంటే పెద్ద పక్షులన్నీ ఉత్త కళ్లకే కనిపిస్తాయి.

వెళ్లగానే బైనాక్యులర్స్ ఎత్తకండి. కాసేపు ఆకాశం చూడండి. పొద్దున్నే మేతకు బయల్దేరే పక్షుల్ని ఎగిరే తీరుతోనే గుర్తుపట్టొచ్చు. మెడ ముందుకి చాచి, కాళ్లు వెనక్కి చాచి వెళ్తుంటే ఎర్రకాళ్ల కొంగో, కంకణమో. ముక్కు కొడవలిలా వంగి ఉంటే కంకణం. మెడని మడిచి భుజాల్లోకి లాక్కుని, కాళ్లు మాత్రం వెనక్కి చాచితే తెల్లకొంగ లేదా నారాయణ పక్షి. మెడ మడిచి, కాళ్లు కనపడకుండా, పెద్ద ముక్కు ముందుకు పెట్టుకుని బరువుగా వెళ్తుంటే గూడబాతు. నల్లగా, నీటికి జానెడు ఎత్తులో గబగబా రెక్కలు కొడుతూ పోయేది నీటికాకి. మెడ, కాళ్లు, ముక్కు, ఈ మూడే చూడమంటాను. ఎనిమిదో తరగతి పిల్లలు ఒక్క పూటలో పట్టేశారు. ఒకబ్బాయి "టీచర్, అది మెడ మడిచింది, కొంగే" అని నాకంటే ముందు చెప్పాడు.

ఇక గూళ్ల సంగతి. చెరువు మధ్యలో ఇనుప స్టాండ్లు కనిపిస్తాయి. వాటి మీద తట్టల్లా అంతస్తులు. రెట్టల ఘాటుకి, ఏడాది పొడుగునా నిలిచే నీళ్లకి చెట్లు బతకవు కాబట్టి అటవీశాఖ వాటిని నిలబెట్టింది. మొదటిసారి చూసినవాళ్లు "ఇనుప కమ్మీల మీద పక్షులేమిటి" అని చిన్నబుచ్చుకుంటారు. గూడబాతులకు ఆ పట్టింపు లేదు. పుల్లలు తెచ్చుకుని, వాటి మీద గడ్డీ గాదం వేసుకుని పక్కపక్కనే కాపురం పెట్టేస్తాయి. పక్క గూటి పక్షి అటు తిరిగితే దాని పుల్ల ఒకటి లాగేసుకోవడం కూడా చూస్తారు.

ఈ పక్షులు ఇక్కడ గూళ్లు పెట్టడం చిన్న విషయం కాదు. 1946లో పక్షి పరిశోధకుడు కె.కె. నీలకంఠన్ అప్పటి పశ్చిమ గోదావరి జిల్లాలో, కొల్లేరు ప్రాంతంలో గూడబాతుల పెద్ద స్థావరం ఒకటి కనిపెట్టారు. అప్పట్లో దాదాపు 3000 పక్షులు అక్కడ గూళ్లు కట్టేవి. 1975 వచ్చేసరికి అది పూర్తిగా ఖాళీ అయిపోయింది. మనం చూస్తున్నది అలా ఒకసారి పోయి, మళ్లీ కొల్లేటి ఒడ్డుకి చేరిన సంసారాన్ని. ప్రపంచం మొత్తం మీద ఈ జాతి ఉన్నది దక్షిణాసియా, ఆగ్నేయాసియాల్లోనే. ముప్పు అంచున ఉన్న పక్షుల జాబితాలో ఉంది. ఇనుప స్టాండైనా సరే, ఆ గూడు నిలవాలి.

ఇప్పుడు ఒక గూడు ఎంచుకోండి. గట్టుకి దగ్గరలో ఉన్నది, పిల్లలు ఉన్నది. గూడబాతు మూడు నాలుగు గుడ్లు పెడుతుంది, నెల రోజులు పొదుగుతుంది. పిల్లలు గూట్లోనో గూటి పక్కనో మూడు నుంచి ఐదు నెలలు ఉంటాయి. అన్ని జంటలూ ఒకే రోజు మొదలుపెట్టవు కాబట్టి ఫాల్గుణంలో ఒకే స్టాండు మీద అన్ని వయసులూ దొరుకుతాయి. ఒంటి మీద ఈక లేని గులాబీ రంగు పసికందు ఒక గూట్లో, తెల్లటి నూగుతో బొద్దుగా ఉన్నవి పక్క గూట్లో, గోధుమ బూడిద ఈకలు వచ్చి రెక్కలు ఆడిస్తున్నవి అంచు మీద. ముక్కు చూడండి. పెద్ద పక్షి పై ముక్కు పొడుగునా నల్ల చుక్కల వరుస ఉంటుంది. పిల్లకి ఆ చుక్కలు ఏడాది నిండాక గానీ రావు. గూటి మీద నిలబడి తల్లంత ఎత్తు కనిపిస్తున్నా, ముక్కు మీద చుక్కల్లేకపోతే అది పిల్లే.

మేత పెట్టడం చూడాలంటే ఓపిక పట్టాలి. మేతకెళ్లిన పక్షి తిరిగొచ్చి దిగీ దిగగానే పిల్లలు రెక్కలు కొట్టుకుంటూ మీద పడతాయి. పెద్దది నోరు తెరుస్తుంది. పిల్ల తల, మెడ మొత్తం ఆ గొంతు సంచిలోకి దూర్చేస్తుంది. బయటినుంచి చూస్తే సంచి లోపల పిల్ల ముక్కు అటూ ఇటూ కదులుతుండటం తెలుస్తుంది. మొదటిసారి చూసిన పిల్లలు "మింగేస్తోంది టీచర్" అని కంగారు పడతారు. కాసేపటికి పిల్ల తల బయటికి తీస్తుంది, రెండోది దూరుస్తుంది. బలంగా ఉన్నదే ముందు తింటుంది, చిన్నదానికి మిగిలితే మిగులుతుంది. అది చూడటం కష్టంగానే ఉంటుంది. పిల్లలకు నేను దాచను, అడిగితే చెబుతాను.

ఎండ ముదిరాక ఇంకో సంగతి గమనించండి. పెద్ద పక్షి సూర్యుడికి అడ్డంగా నిలబడి రెక్కలు వదులుగా దించుతుంది, పిల్లలు ఆ నీడలోకి జరుగుతాయి. సూర్యుడు జరిగితే అదీ జరుగుతుంది. ముక్కు కొద్దిగా తెరిచి గొంతు సంచిని గబగబా అల్లాడిస్తుంటుంది. మనకు చెమట పట్టినట్టే, ఆ కదలికతో లోపలి తడి ఆరి ఒళ్లు చల్లబడుతుంది. పక్కన ఎర్రకాళ్ల కొంగలు వేరే ఉపాయం చేస్తాయి. సొంత కాళ్ల మీదే రెట్ట వేసుకుంటాయి. ఆ తడి ఆరేటప్పుడు కాళ్లు చల్లబడతాయి. గులాబీ రంగు కాళ్ల మీద తెల్లటి పూత కనిపిస్తే జబ్బు కాదు, ఎండకి చేసుకున్న ఏర్పాటు. ఎర్రకాళ్ల కొంగ పెద్దది అరవదు, ముక్కు టకటకలాడిస్తుంది. గోల చేసేది పిల్లలే.

ఇదంతా తెలిస్తే చప్పట్లు ఎందుకు కొట్టకూడదో వేరే చెప్పక్కర్లేదు. కొంతమంది ఫోటోలో పక్షులన్నీ ఒక్కసారి ఎగరాలని ఈలలు వేస్తారు, పడవ తట్టి చప్పుడు చేస్తారు. పెద్దది లేచిపోయిన ఆ రెండు మూడు నిమిషాల్లో కాకి గుడ్డు ఎత్తుకుపోతుంది. ఈకల్లేని పిల్ల మార్చి ఎండలో నీడ లేకుండా పడి ఉంటుంది. దయచేసి ఆ పని చేయకండి, పక్కవాళ్లు చేస్తుంటే ఆపండి. డ్రోన్లు అసలే వద్దు, అభయారణ్యంలో అనుమతి లేకుండా ఎగరేయడం నేరం కూడా. ఫోన్లో పక్షి కూతలు వినిపించి పిలవకండి, చిప్స్, బ్రెడ్ ముక్కలు వేయకండి. గూట్లోంచి పడిపోయిన పిల్ల కనిపిస్తే చేతుల్లోకి తీసుకోవద్దు, అక్కడి సిబ్బందికి చూపించండి. చెరువుల మీద కట్టిన వలలో చిక్కుకున్న పక్షి కనిపించినా అంతే. లాగితే రెక్క విరుగుతుంది, ముక్కుతో మీకు దెబ్బ తగులుతుంది.

పడవ ఎక్కితే నడిపే ఆయన్ని పలకరించండి. నేను "బాబాయ్, ఇవాళ ఎక్కడున్నాయి" అంటే చాలు, కొత్తగా పిల్లలు వచ్చిన గూళ్లు ఎటువైపో, పాముమెడ పక్షి ఏ కొయ్య మీద కూర్చుంటోందో చెబుతారు. రోజూ చూసే కళ్లు అవి. పాముమెడ పక్షి ఒళ్లంతా నీళ్లలో ముంచి మెడ ఒక్కటే పైకి పెట్టి ఈదుతుంటే పామనుకుని పిల్లలు కేకలు పెడతారు. నిజం పాములూ ఉంటాయి. నీళ్లలో కనిపించేది ఎక్కువగా నీరుకట్టె, విషం లేనిది. గట్ల మీద గడ్డిలో మాత్రం చూసి అడుగు వేయండి, అక్కడ తాచులు తిరుగుతాయి. పొద్దున్నే గట్టు దాటే ముంగిస, కొయ్య మీద ఎండకి కూర్చున్న తాబేలు కూడా కనిపిస్తే మీ అదృష్టం.

తొమ్మిది దాటాక ఒకసారి తల పైకెత్తండి. నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంటే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు రెక్క కొట్టకుండా గుండ్రంగా తిరుగుతూ ఆ గాలి మీదే పైకి పోతాయి. నాలుగైదు కిలోల పక్షి ఒక్క రెక్క విసురు లేకుండా చుక్కంత అయిపోతుంది. అక్కడి నుంచి దూరపు చెరువుల వైపు జారుకుంటూ వెళ్తాయి.

ఆ చెరువులే మా నాన్నగారి లాంటి వాళ్లవి. "తినేది మన చేపలే కదమ్మా" అని ఆయన ఇప్పటికీ అంటారు. ఆ మాట అబద్ధం కాదు. కొల్లేరు ఒకప్పటి కొల్లేరైతే పక్షి చెరువుకి రావాల్సిన పనే ఉండదన్నదీ అబద్ధం కాదు. 1999లో 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా అయిన రామ్సార్ జాబితాలోకి వచ్చింది, 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో లోపలి చెరువుల గట్లు తెగ్గొట్టారు. ఆ తర్వాత కూడా గట్లు లేస్తూనే ఉన్నాయి. బతుకుతెరువు ఉన్న మనుషుల్ని తిట్టి పక్షుల్ని కాపాడలేం. మీరు వచ్చినప్పుడు ఏ చెరువు గట్టు మీదికైనా వెళ్లాలనిపిస్తే ముందు రైతుని అడగండి. చాలామంది కాదనరు, పైగా ఏ పక్షి ఏ వేళకి వస్తుందో వాళ్లకు తెలిసినంత పుస్తకాల్లో ఉండదు.

మధ్యాహ్నం కైకలూరులో భోంచేసి విశ్రాంతి తీసుకోండి. మూడున్నర దాటాక ఏలూరు రోడ్డు పట్టుకోండి. రెండు పక్కలా కొల్లేరే. ఫాల్గుణానికి నీళ్లు తగ్గి కిక్కిస పొదల మధ్య మడుగులు, బురద మిగులుతాయి. బండి రోడ్డుకి బాగా పక్కగా ఆపండి, లారీలు వేగంగా వస్తాయి. బురద అంచున పొడుగు ముక్కులతో గుచ్చిగుచ్చి ఏరుకునేవి ఉల్లంకులు. వాటిలో గాడ్విట్ అనే కాస్త పెద్దది జనవరిలో బూడిద రంగులో ఉంటుంది. మార్చిలో మెడ, రొమ్ము ఇటుక రంగుకి తిరగడం మొదలవుతుంది. ఉత్తరాన గుడ్లు పెట్టే చోటికి వెళ్లబోయే ముందు వేసుకునే పెళ్లిబట్టలవి. సగం బూడిద, సగం ఇటుక రంగులో ఉన్న పక్షిని చూశారంటే దాని ప్రయాణం దగ్గర పడిందన్నమాట. సూదితోక బాతులు, చెంచామూతి బాతులు ఈ నెలలో గుంపులుగా పలచబడుతుంటాయి. చెంచామూతి బాతులు గుంపుగా గుండ్రంగా తిరుగుతూ నీళ్లు వడకట్టుకుంటాయి, అది చూడటానికి ఎంతసేపైనా ఆగొచ్చు.

గుర్రపుడెక్క మీద, తూటికాడల మధ్య నీలంగా మెరిసే పెద్ద కోడి నీలి బొల్లికోడి. ఎర్ర ముక్కు, పొడుగు వేళ్లు, ఒక కాలితో కాడ పట్టుకుని తింటుంది. వరిచేలో ఏడాదంతా చూసే గుడ్డికొంగని కూడా తేలిగ్గా తీసేయకండి. ఉగాది దగ్గర పడేకొద్దీ దాని వీపు మట్టిరంగు పోయి ముదురు కుంకుమ రంగుకి వస్తుంది. ఆవుల వెంట తిరిగే తెల్లకొంగ తల, మెడ నారింజ రంగు తిరుగుతాయి. ఎండిన నేల మీద తీతువు గోలగోలగా అరుస్తూ మీ చుట్టూ తిరుగుతుంటే దాని గుడ్లు దగ్గర్లోనే ఉన్నాయని అర్థం. గూడంటూ కట్టదు, మట్టిపెళ్లల మధ్యే మట్టిరంగు గుడ్లు. వెతకొద్దు, వచ్చిన దారినే వెనక్కి నడవండి.

చివరిగా పుస్తకం, పెన్ను. ఫోన్ ఫోటోలు వందలు ఉన్నా నెల తర్వాత ఏమీ గుర్తుండదు. తేదీ, వేళ, ఎండ, నీళ్లు ఎంత ఉన్నాయి, ఏ స్టాండు మీద ఎన్ని గూళ్లు, పిల్లలు ఈకల్లేనివా నూగువా ఈకలు వచ్చినవా, ఇంత రాయండి. పేరు తెలియని పక్షి అయితే మెడ, కాళ్లు, ముక్కు రంగు రాసి ఓ చిన్న బొమ్మ గీయండి, బొమ్మ బాగుండాల్సిన పనిలేదు. ఇంటికెళ్లి, చూసిన పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ యాప్‌లో ఎక్కించండి, మ్యాపులో ఆటపాకని గుర్తు పెట్టి. ఎన్ని కనిపించాయో అన్నీ రాయండి, కాకులు, గోరింకలతో సహా. కొత్త పక్షి ఒక్కటే రాస్తే మిగతావి లేవనుకుంటారు. ఏటా జనవరిలో నీటిపక్షుల గణన జరుగుతుంది కాబట్టి ఆ నెల లెక్కలు దొరుకుతాయి. ఫాల్గుణం లెక్కలు, ముఖ్యంగా ఏ వారంలో ఎన్ని గూళ్లలో పిల్లలున్నాయో, మీలాంటి వాళ్లు రాస్తేనే ఉంటాయి. వీలైతే మూడు వారాల తర్వాత ఇంకోసారి వచ్చి, మొదట ఎంచుకున్న ఆ గూడే వెతుక్కుని మళ్లీ రాయండి.